కేస్ షీట్‌లో 'రాక్ క్లైంబింగ్': ఒక ట్రెకింగ్ బృందానికి బీమా ఎంచిన తీరు

2025 జనవరిలో ఒక ఆదివారం, సాయంత్రం ఆరున్నరకి ఫోన్ మోగింది.

"అన్నా, బట్టల షాపాయన తలకోనలో జారి పడ్డాడు. కాలు విరిగినట్టుండాది. తిరుపతికి తీసుకొస్తా ఉండాం. నీ పాలసీ పనికొస్తాదా, రాదా?"

"వస్తుంది, కార్డు తీసుకుని ఆసుపత్రికి రండి" అన్నాను. అన్నాక కడుపులో చిన్న గుబులు. షాపాయనకి ఆరోగ్య పాలసీ, ప్రమాద పాలసీ రెండూ ఇచ్చింది నేనే. ఆరోగ్య పాలసీలో ఏముందో నాకు కంఠతా వచ్చు. ప్రమాద పాలసీలోని మినహాయింపుల పేజీని మాత్రం ఆ రోజుదాకా చివరిదాకా చదవలేదు. పద్నాలుగేళ్లుగా తిరుపతిలో బీమా చూస్తున్నవాణ్ణి ఇలా ఒప్పుకోవడం సిగ్గే. కానీ ఈ కేసు మొదలైంది అక్కడే.

నేను ఒక బ్రోకింగ్ సంస్థ తరఫున పనిచేస్తాను. ఒక్క కంపెనీకే కట్టుబడి ఉండను కాబట్టి నాలుగు పాలసీలు పక్కపక్కన పెట్టి చూసే వీలు నాకుంది.

ఈ బృందం తొమ్మిది మంది. తీర్థకట్ట వీధి దగ్గర బట్టల షాపు నడిపే నలభై ఆరేళ్ల ఆయన, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఒకరు, మెడికల్ షాపు నడిపే ఒకావిడ, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఇంటి నుంచి పనిచేసే ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఎమ్మెస్సీ చదివే కుర్రాడు, ప్రైవేటు స్కూల్లో పీఈటీ. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు వారానికోసారి ఎక్కుతూ ఒకరికొకరు పరిచయమైనవాళ్లు. జూన్‌లో హిమాచల్‌లో మనాలి దగ్గరున్న హంప్తా పాస్‌కి పోవాలని పథకం. దాదాపు 4,270 మీటర్ల ఎత్తు. దానికి అభ్యాసంగా నాగలాపురం, తలకోన తిరుగుతున్నారు.

తలకోన జలపాతం మీద నుంచి కిందికి 270 అడుగులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడ్డ వానలకి జనవరిలో కూడా బండల మీద పాచి ఆరదు. ఆయన పడింది పై నుంచి కాదు. కింద నీళ్లు పడేచోట ఫోటో కోసం ఒక బండ మీద కాలు పెట్టాడు, చెప్పు జారింది, చీలమండ మెలిక తిరిగి రెండు వైపులా ఎముక విరిగింది. స్నేహితులు, అక్కడి వాచర్లు కలిసి మెట్ల దారిన మోసుకొచ్చారు. కింద 108 ఎక్కించి, భాకరాపేట ఘాట్ దిగి తిరుపతి చేరేసరికి చీకటి పడింది.

నేను ఆసుపత్రికి పోయేసరికి ఎమర్జెన్సీలో కేస్ షీట్ రాసేశారు. కుర్ర డాక్టరు "ఎలా పడ్డారు?" అని అడిగితే పేషంటు నొప్పితో మూలుగుతున్నాడు. పక్కనున్న ఎమ్మెస్సీ అబ్బాయి ఉత్సాహంగా "రాక్ ఎక్కుతుంటే పై నుంచి పడిపోయాడు సార్, ట్రెకింగ్‌కి పోయినాం" అన్నాడట. కేస్ షీట్‌లో ఎక్కిన మాటలు: 'రాక్ క్లైంబింగ్ చేస్తూ ఎత్తు నుంచి పడిపోవడం'. ప్రమాదం కనుక ఎంఎల్‌సీ (పోలీసులకి తెలపాల్సిన కేసుల) పుస్తకంలో కూడా అదే మాట. మూడు అడుగుల బండ మీద నుంచి జారిన మనిషి కాగితం మీద పర్వతారోహకుడైపోయాడు.

రాత్రే క్యాష్‌లెస్‌కి, అంటే ఆసుపత్రి బిల్లు కంపెనీయే నేరుగా కట్టే పద్ధతికి, పంపారు. గంట తిరక్కుండా బీమా కంపెనీ నుంచి జవాబొచ్చింది. బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ విషయం గంటలో తేల్చాలి. తేల్చారు, కాకపోతే 'సాహస క్రీడ వల్ల గాయం, మినహాయింపు వర్తించవచ్చు, క్యాష్‌లెస్ తిరస్కరణ' అని. షాపాయన భార్య నా మొహంలోకి చూసి "అయితే డబ్బులు రావా అన్నా?" అంది.

క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. బిల్లు కట్టి, కాగితాలన్నీ పెట్టి రీయింబర్స్‌మెంట్ అడగవచ్చు. ఆమెకి అదే చెప్పాను. నగలు తాకట్టు పెట్టనక్కర లేకుండా ఆయన తమ్ముడు డబ్బు సర్దాడు.

ఆరోగ్య పాలసీల మినహాయింపుల భాషను 2019లో ఐఆర్‌డీఏఐ ఒకే తీరుకి తెచ్చింది. 2020 అక్టోబరు నుంచి అన్ని కంపెనీల ఆరోగ్య పాలసీల్లోనూ ఒకే కోడ్, ఒకే వాక్యం. సాహస క్రీడలది కోడ్ 09. పారా జంపింగ్, రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ, రాఫ్టింగ్, మోటార్ రేసింగ్, గుర్రప్పందేలు, స్కూబా డైవింగ్ వంటివి అందులో పేరుపేరునా ఉంటాయి. చదివినవాళ్లు అక్కడే ఆగి "అయ్యో, మనకి రాదు" అనుకుంటారు. కానీ ఆ పట్టిక ముందున్న మాట 'ప్రొఫెషనల్‌గా పాల్గొనడం వల్ల'. అంటే అదే వృత్తిగా చేసేవాళ్లకి మినహాయింపు. సరదాకి పోయి కాలు విరగ్గొట్టుకున్న బట్టల షాపాయనకి కాదు.

మరునాడు పొద్దున్నే రెండు పనులు చేశాం. మొదటిది, ఆపరేషన్ చేసిన ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పి, వివరణ లేఖ అడిగాం. 'అబద్ధం రాయండి' అని ఎవరూ అడగకూడదు, అడిగితే క్లెయిమ్ మొత్తానికే ఎసరు. ఎక్స్‌రేలో గాయం తీరు ఆయనకే కనిపిస్తోంది: అది ఎత్తు నుంచి పడ్డ దెబ్బ కాదు, పాదం మెలితిరిగిన దెబ్బ. 'నడుస్తూ తడి బండపై జారి' అని ఆయనే తన మాటల్లో రాసి సంతకం, స్టాంపు వేశారు. రెండోది, నేను కంపెనీకి అరపేజీ ఉత్తరం రాశాను. కోడ్ 09 వాక్యాన్ని యథాతథంగా పెట్టి, 'వృత్తి: వస్త్ర వ్యాపారం' అని ప్రపోజల్ ఫారంలో ఉన్న గడిని చూపించాను.

విచారణకి వచ్చినాయన ఇంకో ప్రశ్న అడిగాడు: "అడవిలోకి అనుమతితోనే వెళ్లారా?" ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. తలకోన శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ పరిధిలోది. శేషాచలం అంతా ఎర్రచందనం ఉన్న అడవి కాబట్టి ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో అటవీ శాఖ కన్నేసి ఉంచుతుంది. నేషనల్ పార్క్‌లోకి అనుమతి లేకుండా పోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చట్టం ఉల్లంఘిస్తుండగా తగిలిన దెబ్బలకి ఇవ్వమనే మినహాయింపు చాలా ప్రమాద పాలసీల్లో వేరుగా ఉంటుంది. ఎంట్రీ టికెట్ ఎక్కడుందని అందరూ జేబులు తడుముకున్నారు. చివరికి పీఈటీ బండి ట్యాంక్ కవర్లో, నలిగి, సగం తడిసి దొరికింది. దాన్ని ఇస్త్రీ పెట్టి ఆరబెట్టి స్కాన్ చేశాం. యూట్యూబ్‌లో చూసి శేషాచలంలో తెలియని తీర్థాలకి దొంగదారుల్లో పోయేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఏనుగులు, వాచర్ల సంగతి అలా ఉంచితే, బీమా కూడా అక్కడే మన చెయ్యి వదిలేస్తుంది.

మూడు వారాలకి ఆరోగ్య పాలసీ క్లెయిమ్ ఒప్పుకున్నారు. క్లెయిమ్‌ని తోసిపుచ్చాలంటే కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలన్న నిబంధన ఇప్పుడుంది. అందువల్ల కింది స్థాయిలో ఒక్కరు 'నో' అని కొట్టిపారేసే రోజులు కొంత తగ్గాయి. ఒప్పుకోకపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, తర్వాత బీమా భరోసా పోర్టల్‌కి లేదా 155255 నంబరుకి, ఆపైన హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి పోదామని ఫైలు సిద్ధం చేసుకున్నాను. అవసరం పడలేదు.

అయితే బిల్లు మొత్తం రాలేదు. ఎందుకు రాలేదో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది కొండలకి పోయేవాళ్లకే కాదు, అందరికీ తగిలే దెబ్బ. బిల్లు 1,46,000. ఆయన పాలసీ 5 లక్షల ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే), గది అద్దెకి రోజుకి ఒక శాతం పరిమితి, అంటే 5,000. ఆయన తీసుకున్న గది 7,000. అందరూ 'రోజుకి రెండు వేలే కదా తేడా, నాలుగు రోజులకి ఎనిమిది వేలు పోతాయి' అనుకుంటారు. కాదు. గది స్థాయిని బట్టి మారే సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ వంటి ఖర్చుల్లోనూ అదే నిష్పత్తిలో కోస్తారు. అవి 51,000 అయ్యాయి. ఏడింట ఐదు వంతుల లెక్కన 36,429 ఇచ్చి మిగతా 14,571 కోసేశారు. ప్లేటు, స్క్రూలు, మందులు, ఎక్స్‌రే, స్కాన్ ఖర్చులు 61,000 ఈ కోతలోకి రావు, రాకూడదు. అవి పూర్తిగా ఇచ్చారు. గ్లౌజులు, ఫైలు ఛార్జీ వంటివి ఆరు వేలు ఎలాగూ పోయాయి. చేతికొచ్చింది 1,17,429. జేబులోంచి పోయింది 28,571. ఇందులో సాహస క్రీడ మినహాయింపు వల్ల పోయింది ఒక్క రూపాయి కూడా లేదు. ఆ ఆరు వేలు పోను మిగతా అంతా గది వల్లే.

ఇక నా గుబులు, ప్రమాద పాలసీ. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఆసుపత్రి బిల్లు కోసం కాదు. ప్రమాదంలో చనిపోతే, శాశ్వత వైకల్యం వస్తే ఏకమొత్తం ఇస్తుంది. కొన్నాళ్లు పనికి పోలేకపోతే వారానికి ఇంత అని ఇచ్చే సదుపాయం కూడా కొన్నింటిలో ఉంటుంది. ఆయనకి నేనిచ్చింది 10 లక్షలది, వారానికి ఒక శాతం, గరిష్ఠంగా 5,000. ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఫోన్లో మినహాయింపుల పేజీ తెరిచాను. అందులో 'పర్వతారోహణ, రాక్ క్లైంబింగ్... వృత్తిగా అయినా, సరదాకి అయినా' అని ఉంది. కోడ్ 09లో మనల్ని కాపాడిన 'ప్రొఫెషనల్' అన్న మాట ఇక్కడ లేదు. ప్రమాద పాలసీల్లో ఈ వాక్యం కంపెనీని బట్టి మారుతుంది. నేను ఒకదాని భాష చూసి రెండోదీ అంతేననుకున్నాను.

డాక్టరు ఇచ్చిన లేఖ వల్ల ఇదీ గట్టెక్కింది. జలపాతం కింద నడుస్తూ జారడం రాక్ క్లైంబింగ్ కాదని ఒప్పుకుని ఆరు వారాలకి 30,000 ఇచ్చారు. కానీ అదే మనిషి జూన్‌లో హంప్తా మీద పడి ఉంటే ఈ పాలసీ కింద పైసా వచ్చేది కాదు. ఆయన ప్రయాణం మానుకున్నాడనుకోండి, వాళ్లావిడ తాళం వేసినంత పని చేసింది. మిగిలిన ఎనిమిది మందికి మాత్రం మళ్లీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మెడికల్ షాపు ఆవిడ ఇంట్లో అందరం కూర్చున్నాం. ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో తెమ్మన్నాను. సగం మందికి తమ దగ్గర ఏముందో తెలియదు. పీఈటీ "నాకుంది సార్, బ్యాంకులో ఏడాదికి ఇరవై రూపాయలు కట్ అవుతాయి" అన్నాడు. అది ప్రధానమంత్రి సురక్ష బీమా. 20 రూపాయలకి 2 లక్షల ప్రమాద బీమా, నిజంగా మంచిదే. కానీ చనిపోతేనో, కళ్లు కాళ్లు చేతులు పోతేనో ఇచ్చేది. కాలు విరిగి ఆసుపత్రిలో చేరితే దాంతో సంబంధం లేదు. లెక్చరర్ గారు ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు చూపించారు. అది ఆ పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో నడిచే కార్డు, మనాలి దాని లోకం కాదు. బ్యాంకు వాళ్లకి ఆఫీసు గ్రూప్ పాలసీ, సాఫ్ట్‌వేర్ వాళ్లకీ అంతే. ఎమ్మెస్సీ అబ్బాయి నాన్న ఫ్లోటర్‌లో ఉన్నాడు.

"అడ్వెంచర్ పాలసీ అని ఒకటి ఉంటుందంట కదా, అది తీసేసుకుంటే ఒకేసారి పోదా?" అన్నాడు సాఫ్ట్‌వేర్ కుర్రాడు. అందరూ అడిగే ప్రశ్నే. పాలసీ పేరు చూసి కొంటే నేను చేసిన తప్పే జరుగుతుంది. అందుకని పేర్లు పక్కన పెట్టి, ఆ కొండ మీద ఏమేం జరగొచ్చో అడిగాను. కాలు విరగొచ్చు. ఎత్తు పడక ఊపిరాడకపోవచ్చు. కదల్లేని స్థితిలో మనిషిని రోడ్డు దాకా దించాల్సి రావచ్చు. బీమా లెక్కలో మొదటిది ప్రమాదం, రెండోది జబ్బు, మూడోది రవాణా. మూడింటికీ డబ్బు వచ్చే చోట్లు వేరు.

ఎత్తు పడకపోవడం జబ్బు అంటే వాళ్లు ఒప్పుకోలేదు. "కొండ మీదే కదా సార్ వచ్చేది, ప్రమాదం కాదా?" అన్నారు లెక్చరర్ గారు. పాలసీల్లో ప్రమాదం అంటే బయటి నుంచి, కంటికి కనిపించేలా, బలంగా, అనుకోకుండా, హఠాత్తుగా తగిలేది. ఎత్తులో ఆక్సిజన్ తగ్గి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఈ నిర్వచనంలో ఇమడదు. పడిపోతే ప్రమాద పాలసీ చూస్తుంది, ఎత్తు పడకపోతే చూడదు. దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పాను. మొజాంబిక్‌లో దోమకాటుతో మలేరియా వచ్చి చనిపోయిన ఒకాయన కేసులో, అది ప్రమాద మరణం కాదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. మలేరియా అక్కడ మామూలుగా వచ్చే జబ్బు అన్నది ఆ తీర్పులో ముఖ్యమైన కారణం. నాలుగు వేల మీటర్ల మీద తలనొప్పి, వాంతులు, ఆయాసం కూడా అంతే మామూలు.

అంటే ఎత్తు జబ్బుకి దిక్కు ఆరోగ్య పాలసీయే. దానికి 30 రోజుల ఎదురుచూపు ఉంటుంది, అంటే ఆ లోపు వచ్చిన జబ్బుకి డబ్బు రాదు, ప్రమాదాలకి తప్ప. బ్యాగు సర్దుకునేటప్పుడు కొంటే లాభం లేదు. అందుకే ఫిబ్రవరిలోనే లెక్చరర్ గారికి, పీఈటీకి, మెడికల్ షాపు ఆవిడకి తలా 5 లక్షల పాలసీ, ఈసారి గది అద్దె పరిమితి లేనివి. లెక్చరర్ గారికి బీపీ ఉంది. "రాయకపోతే ప్రీమియం తగ్గుతుందా?" అని మెల్లగా అడిగారు. పిల్లలకి పాఠం చెప్పే మనిషి కనుక గట్టిగా అనలేక, "రాయకపోతే పాలసీయే తగ్గిపోతుంది సార్" అన్నాను. రాశారు. కాస్త లోడింగ్ (జబ్బు వల్ల అదనపు ప్రీమియం) పడింది. ఉన్న జబ్బులకి ఎదురుచూపు ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు. అప్పటికి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకి అది తీసేశారని తెలిసి, "ఏడు నెలలు ఆగాల్సింది" అని ఇప్పటికీ అంటుంటారు. ఆగి ఉంటే ఏమయ్యేదో ఆయనకీ తెలుసు.

పీఈటీ దగ్గర ఒక చిక్కు వచ్చింది. మాటల్లో మాటగా "వారాంతాల్లో ఒక క్లబ్ వాళ్లు నాగలాపురానికి గైడుగా పిలుస్తారు, ట్రిప్పుకి పదిహేను వందలిస్తారు" అన్నాడు. గదిలో ఎవరికీ అది పట్టలేదు, నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. డబ్బు తీసుకుని జనాన్ని కొండెక్కించేవాడు సరదాకి పోయేవాడు కాదు. కోడ్ 09లోని 'ప్రొఫెషనల్' అన్న మాట, షాపాయనని కాపాడిన మాటే, ఇతని మెడకి చుట్టుకోవచ్చు. హంప్తాకి మాత్రం డబ్బు కట్టి పోతున్నాడు కనుక ఇబ్బంది లేదు. ప్రపోజల్ ఫారంలో వృత్తి దగ్గర 'పీఈటీ, అప్పుడప్పుడు ట్రెక్ గైడ్' అని రాయించాం. నాగలాపురం పనికి క్లబ్ వాళ్లే గైడ్ల పేర్లతో సహా పాలసీ తీసుకోవాలని, తీసుకోకపోతే పోవద్దని చెప్పాను. పదిహేను వందలకి వెన్ను పణంగా పెట్టడం బేరం కాదు.

ట్రెక్ నడిపే సంస్థ ప్యాకేజీలో 'ఇన్సూరెన్స్ ఇన్‌క్లూడెడ్' అని ఉంది. ఆ రెండు మాటలకి విలువ లేదు, సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ పంపమని అడిగించాను. నాలుగుసార్లు అడిగాక వచ్చింది. ప్రమాద మరణానికి 5 లక్షలు, ప్రమాదం వల్ల అయిన వైద్యానికి 50 వేలు. జబ్బు మాట లేదు, దించే ఖర్చు మాట లేదు. చెడ్డదని కాదు, చాలదు.

ఆఫీసు గ్రూప్ పాలసీలున్న నలుగుర్నీ హెచ్‌ఆర్ దగ్గర నుంచి పూర్తి పాలసీ కాపీ తెచ్చుకోమన్నాను.

ప్రమాద పాలసీ కోసం నాలుగు కంపెనీల మినహాయింపులు ప్రింటు తీసి టేబుల్ మీద పరిచాం. నాది 'సరదాకి అయినా' అన్న రకం. ఇంకోదాంట్లో తాళ్లు, ఐస్ యాక్స్ వంటి సామాను వాడే పర్వతారోహణ మాత్రమే మినహాయింపు. మిగతా రెండింట్లో రాసిన తీరు గందరగోళం. రెండోది తీసుకున్నాం. హంప్తా నడిచి దాటే కనుమ, మంచు మీద కాస్త జాగ్రత్తగా అడుగేయాల్సి వచ్చినా తాళ్లతో ఎక్కేది కాదు.

దించే ఖర్చుకి దేశీయ ట్రావెల్ పాలసీ. ఎనిమిది రోజులకి మనిషికి ఆరు వందల లోపు. దాంట్లో ఎత్తు పరిమితి ఎంతో బ్రోషర్‌లో లేదు. టోల్ ఫ్రీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి "కవర్ అవుతుంది సార్" అంది. ఆ మాట నాకు అక్కర్లేదు. ఈమెయిల్ పెట్టాను: 'ఫలానా తేదీల్లో హంప్తా పాస్, 4,270 మీటర్లు, గైడుతో, తాళ్ల అవసరం లేని నడక, ఇది మీ పాలసీ పరిధిలో ఉందా? ఉంటే గుర్రం మీద లేదా స్ట్రెచర్ మీద దించే ఖర్చు వస్తుందా?' రెండు రోజులకి జవాబు: 4,500 మీటర్ల వరకు వర్తిస్తుంది, వైద్య అవసరమైన తరలింపు వర్తిస్తుంది, ముందుగా అసిస్టెన్స్ నంబరుకి తెలపాలి. ప్రింటు తీసి ఫైలులో పెట్టాను. హెలికాప్టర్ మాట ఎవరో ఎత్తారు. ఆ లెక్క నేపాల్ వేపు ఎక్కువ. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్లు. నేపాల్‌కి వీసా అక్కర్లేదు కదా అని మనవాళ్లు ఇక్కడి పాలసీతోనే పోతారు. బీమాకి మాత్రం అది విదేశమే, మన ఆరోగ్య పాలసీలు చాలావరకు భారతదేశం దాటవు.

కొండ మీద సిగ్నల్ ఉండదు, ఎవరు తెలపాలి? ట్రెక్ ఫారంలో 'ఎమర్జెన్సీ కాంటాక్ట్' దగ్గర అందరూ భార్యల పేర్లు, అమ్మల పేర్లు రాశారు. రెండో నంబరుగా నాది రాయించాను. ఆ ఒక్క గడి తర్వాత పనికొచ్చింది.

జూన్ మూడో వారం. ఒకరోజు పొద్దున పదకొండున్నరకి బేస్ నుంచి ఫోన్: లెక్చరర్ గారికి బాలూ కా ఘేరా క్యాంపులో రాత్రి నుంచి దగ్గు, ఆయాసం, ఆక్సిజన్ తగ్గింది, గుర్రం మీద రోడ్డున్న జోబ్రా వైపు దించుతున్నామని. 11:40కి అసిస్టెన్స్ నంబరుకి చెప్పి రిఫరెన్స్ తీసుకున్నాను. 11:52కి ఆరోగ్య బీమా కంపెనీకి కూడా ఈమెయిల్. ఎమర్జెన్సీలో ఇరవై నాలుగు గంటల లోపు తెలపమంటారు, మనం అరగంట కూడా తీసుకోలేదు. ఆయన మనాలి చేరింది సాయంత్రం నాలుగింటికి. రెండు రాత్రులు ఆక్సిజన్, మందులు. కిందికి దిగడమే సగం వైద్యం అన్నారట అక్కడి డాక్టరు.

క్లెయిమ్‌లో వచ్చిన ఒకే ఒక ప్రశ్న నేను ఊహించినదే: ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి బీపీ కారణమా? గుండె బలహీనపడ్డా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అలా అయితే బీపీకి మూడేళ్ల ఎదురుచూపు అడ్డం వచ్చేది. అక్కడి డాక్టరు ఎకో (గుండె స్కాన్) తీయించి, గుండె మామూలుగా ఉందని, ఇది ఎత్తు వల్ల వచ్చిన ఊపిరితిత్తుల వాపు అని డిశ్చార్జ్ సమ్మరీలో స్పష్టంగా రాశారు. ఎకో చేయించమని చెప్పింది ఫోన్లో మన మెడికల్ షాపు ఆవిడే. బిల్లు 41,200కి 38,650 వచ్చింది. ప్రమాద పాలసీ నుంచి ఏమీ రాలేదు. అడగనూ లేదు.

మిగిలింది దించిన ఖర్చు. జోబ్రా నుంచి మనాలికి టాక్సీ 4,500, దాని రశీదు ఉంది, ఇచ్చేశారు. గుర్రానికి, అక్కడి మాటలో 'పోనీ'కి, 7,000. గుర్రం అతను తన నోట్‌బుక్‌లో పేజీ చింపి, పెన్సిలుతో హిందీలో '7000 మిలా' అని రాసి వేలిముద్ర వేసి, కింద ఫోన్ నంబరు రాయించాడు. ఆ కాగితం నేను చాలా క్లెయిములు చూశాను కానీ ఎప్పుడూ చూడనంత నిజాయితీగా ఉంది. కంపెనీ మాత్రం 'సేవా సంస్థ రిజిస్ట్రేషన్ నంబరుతో కూడిన ఇన్వాయిస్' అడిగింది. ట్రెక్ సంస్థ లెటర్‌హెడ్ మీద రాయించి పంపాను. మళ్లీ అదే ప్రశ్న. గ్రీవెన్స్‌కి పోదాం, మన దగ్గర వాళ్ల ఈమెయిలే ఉంది, అందులో 'గుర్రం' అన్న మాటకి ఔనన్నారు అని లెక్చరర్ గారికి ఫోన్ చేశాను.

ఆయన కాసేపు ఆగి, నవ్వి, "పోనీ బిల్లు కదా, పోనీలెండి" అన్నారు.

నేను పోనివ్వలేదు. గ్రీవెన్స్ ఉత్తరం నిన్ననే పంపాను, వేలిముద్ర కాగితం రంగు స్కాన్‌తో సహా.